సీసాలమ్మ జీతం

ఆమెకు సీసాలమ్మ అని పేరు పెట్టింది రంగుల ఫ్యాక్టరీ వాచ్‌మన్. అంతకుముందు ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకునే మనిషి. ఫ్యాక్టరీ గొట్టం కాలువలోకి వదిలే రంగు వీధిలోని బోర్లలోకి దిగాక, ఓ పొద్దున తన బోరు నీళ్లు సీసాలో పట్టి ఫ్యాక్టరీ గేటు ముందు పెట్టింది. మర్నాడు తోడికోడలు ఇంకోటి పెట్టింది. నెల తిరిగేసరికి వీధి వీధంతా పళ్లు తోముకోగానే సీసా పట్టుకుని బయల్దేరేది. లారీ లోపలికి వెళ్లాలంటే డ్రైవర్ దిగి సీసాలన్నీ తీసి పక్కన పెట్టాలి. అంతమంది ఆడవాళ్లు అక్కడే నిలబడి గుడ్లురిమి చూస్తుంటే సీసాల మీద చెయ్యి వేసే ధైర్యం వాడికి చాలేది కాదు. రెండో గొట్టం వేద్దామనుకున్న మేనేజరు ఆ ఊసే మానేశాడు.

అప్పుడొచ్చారు ట్రస్టు వాళ్లు. మంచివాళ్లే. చెడ్డవాళ్లయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

"మీలాంటి వాళ్ల వెనక నిలబడాలనే ఈ విరాళాలన్నీ పోగుచేస్తాం అమ్మా" అన్నారు.

ఆమెకు నెలజీతం, ఓ గది, దానికో బోర్డు, అట్టపెట్టెల నిండా ఒకే కొలత గాజుసీసాలు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి ఆమె పొంగిపోయింది. గొట్టం మూయించేదాకా ఇదే పని అనుకుంది.

మొదట మానేసింది పక్కింటి మామ్మ. "మోకాళ్లు లేవట్లేదే తల్లీ. ఎలాగూ వెళ్తున్నావుగా, నాదీ పెట్టేసెయ్."

పోనీలే అని పెట్టింది. అక్కడే కొంప మునిగింది. పాలవాడికి గిన్నె పెట్టినట్టు అందరూ సీసాలు గుమ్మాల్లో ఉంచసాగారు. తర్వాత అదీ లేదు. నింపేదీ ఆమే, మోసేదీ ఆమే. ట్రస్టు వాళ్లొచ్చి ఆ సీసాల బారును ఫొటోలు తీసుకుని, ఎంత చైతన్యమో అని మురిసిపోయి, సాయం ఇంకో ఏడాది పొడిగించారు. మనుషులేరీ అని వాళ్లు అడగలేదు. గది పోతుందన్న భయంతో ఆమె చెప్పలేదు. మేనేజరు మాత్రం కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాడు.

రెండో గొట్టం వేసుకుని లారీ వచ్చిన పొద్దున ఆమె గుమ్మం గుమ్మం తట్టింది. "రండర్రా, ఒక్క గంట నిలబడితే చాలు!"

తోడికోడలు బట్టలు ఆరేస్తూ వెనక్కి తిరిగింది. "మేమెందుకక్కా? నీకు జీతం ఇస్తున్నారుగా."

కోపంగా అన్న మాట కాదది. కోపమైతే సీసాలమ్మా తిరిగి పోట్లాడేది.

ఒక్కతే వెళ్లి సీసాలు పేర్చి నిలబడింది. డ్రైవర్ దిగలేదు. వాచ్‌మన్ వచ్చి, "తప్పుకో సీసాలమ్మా, గాజు గుచ్చుకుంటుంది" అని జబ్బ పట్టి పక్కకు జరిపాడు. లారీ సీసాల మీదుగానే లోపలికి పోయింది.

సాయంత్రం ట్రస్టు నుంచి ఫోను. "సీసాలు పగిలాయటగా, దిగులు పడకండి. కొత్తవి పంపిస్తాం."

ఆమెకు వద్దనాలనే ఉంది. కానీ బడి యూనిఫారాలు కుట్టే పని ఎప్పుడో ఇంకొకరి చేతికి పోయింది.

"పంపండి" అంది.