ఆయన చూడని మ్యాచ్‌లు

బెజవాడలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన ఫోన్‌ను మోకాలి మీద బోర్లించి, పైన చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు అందులో మన ఊరి కబడ్డీ జట్టు మ్యాచ్ వస్తోంది.

“మ్యాచ్ చూడరా అండీ?” అన్నాను.

“నేను చూస్తే ఓడిపోతారండీ. మన వాలీబాల్ వాళ్లకి ఎత్తు లేదు, క్రికెట్ వాళ్లకి సిగ్గు లేదు. కబడ్డీ వాళ్లకే కాస్త ఊపిరుంది. నా కళ్లు పడి అదీ పోతోంది. అందుకే మానుకుంటున్నా.”

నేను చదివింది పదో తరగతే అయినా, మన జట్ల స్కోర్లన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంటాను. అది తీసి ఒక్కో కబడ్డీ మ్యాచే చెప్పి, చూశారా లేదా అని ఆయన్ను అడిగాను. చూసినవి పన్నెండు, అందులో తొమ్మిది ఓడారు. చూడనివి ఎనిమిది, అందులో ఆరు ఓడారు.

“మీరు చూసినా మానినా నాలుగింట మూడు పోతున్నాయండీ. మీ తప్పేం లేదు,” అన్నాను, ఊరటగా ఉంటుందని.

ఆయన ఆ అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

“అయితే నేను చూడకుండా వచ్చిన ఆ రెండు గెలుపుల్లోనూ నాదేం లేదన్నమాట. ఇంత మనసు చంపుకుని కూర్చున్నది ఊరికేనా?”

ఫోన్ తిప్పాడు. మనవాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు, ఇంకా మూడు నిమిషాలుంది. ఆయన రెప్ప వేయకుండా చూశాడు. ఒక్క పాయింట్ తేడాతో ఓడారు.

కంకిపాడులో ఫోన్ జేబులో పడేసి దిగిపోయాడు.

ఆ మ్యాచ్‌ను ఆయన చూసినవాటిలో కలిపితే పదమూడింట పది ఓటములు, నాలుగింట మూడు దాటుతుంది. ఇంకా కలపలేదు.