నోట్లో నీళ్లు పోసుకున్న కత్తెరమ్మ

ఆ వీధిలో ఎవరి కోటు భుజం మీద చక్కగా కూర్చున్నా, "కత్తెరమ్మ చెయ్యి పడిందా?" అని అడిగేవాళ్లు. ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్లకైనా గుర్తుందో లేదో. గుడ్డ మీద సుద్దతో గీత గీసుకోవడం ఆవిడకు నామోషీ. మనిషి గుమ్మం దాటి లోపలికొచ్చి కుర్చీలో కూర్చునేలోపే ఏ భుజం దిగి ఉందో, నడుము ఎటు వంగి ఉందో కంటితోనే పట్టేసేది. ఆ తర్వాత టేపు పెట్టడం మర్యాద కోసమే. ఇంత పనితనం ఉంటే గర్వం ఉండదా? ఉండేది, కావలసినంత ఉండేది, దాచుకునేది కూడా కాదు.

కొట్టంటే వీధిలోకి తెరుచుకునే ఒక్క గది. కిటికీ పక్కన కత్తిరించే బల్ల, గోడవారగా రెండు కుట్టుమిషన్లు, మూల స్టూలు మీద కాజాలు కుట్టే తాతయ్య. మిషన్ మీద కూర్చునేది మరదలు, అంటే కత్తెరమ్మ తమ్ముడి భార్య. అందరూ అన్నీ చేసేవాళ్లు గానీ కత్తిరించడం మాత్రం కత్తెరమ్మ ఒక్కతే. ఆ కత్తెర ఇంకొకరు ముట్టుకుంటే ఒంటికాలి మీద లేచేది.

ఎదురుగా అద్దాల తలుపులతో పెద్ద రెడీమేడ్ కొట్టు వెలిసిన రోజున తాతయ్య దారం కొరుకుతూ నిట్టూర్చాడు.

"అమ్మాయ్, ఇంక మనం మూట సర్దుకోవాల్సిందేనా?"

"ఆ కొట్టు గురించి నాకు బెంగలేదు తాతయ్యా. పొట్ట ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే చొక్కా ఇస్తారు వాళ్లు. సరిపోనివాళ్లంతా మన దగ్గరికే వస్తారు. నా బెంగల్లా దీని గురించే" అని కుడిచేతి బొటనవేలు చూపించింది.

వేలి మొదట్లో కీలు వాచి ఉంది. ఆపరేషన్ తప్పదనీ, ఆ తర్వాత కత్తెర పట్టినా మునుపటిలా ఆడుతుందని చెప్పలేననీ డాక్టరు అప్పటికే తేల్చేశాడు. కొట్టు మొత్తం ఆ ఒక్క బొటనవేలి మీద నిలబడి ఉందని తెలిసొచ్చేసరికి కత్తెరమ్మకి నిజంగా భయం వేసింది. డాక్టరుని బతిమాలి గడువు అడిగింది. ఈలోపు మరదలికి పని నేర్పాలి.

నేర్పడం ఎలాగో తెలిస్తే కదా! "వదినా, ఇక్కడ వంపు ఎందుకు తిప్పావ్?" అని మరదలు అడిగితే, "తిప్పాలి కాబట్టి" అనేది. ఇదా పాఠం? చెయ్యి ఊరుకోక మధ్యలో కత్తెర లాగేసుకునేది కూడా. చివరికి తనకు తనే శిక్ష వేసుకుంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని బల్ల ఎదుట కూర్చుని, నోటితో మాత్రమే చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి చెప్పడం కూడా మానేసి ఊరికే కూర్చుంది. మరదలు వెంట్రుకవాసి తేడా రాకుండా కత్తిరించేసింది. కత్తెరమ్మ ఆనందం పట్టలేక వీధంతా చాటింపు వేసినంత పని చేసింది.

మరదల్ని పరీక్షిద్దామని ఒకరోజు కొట్టుకి రాకుండా ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడొచ్చి చూస్తే పంతులుగారి కోటు చంక నడుం దాకా దిగిపోయి ఉంది. మరదలు కళ్ల నిండా నీళ్లు.

"నిన్నమొన్నటిదాకా బాగానే కత్తిరించావు కదే!"

తాతయ్య మూలనుంచి కిసుక్కున నవ్వాడు. "అది గుడ్డనెప్పుడు చూసిందమ్మాయ్? నీ మొహం చూసి కత్తిరించేది. కత్తెర పక్కకి పోతే నువ్వు 'చ్' అనేదానివి, అది ఆగిపోయేది. అన్నట్టు నీకూ తెలీదు, విన్నట్టు దానికీ తెలీదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"వదినామరదళ్ల మధ్య నాకెందుకులే అని!"

పంతులుగారికి కొత్త గుడ్డ తెచ్చి, నొప్పి పంటిబిగువున ఓర్చుకుంటూ తనే కోటు కత్తిరించి ఇచ్చింది కత్తెరమ్మ. ఆ తర్వాత గోడవైపు తిరిగి కూర్చుని చూసింది. లాభం లేకపోయింది. కత్తెర చప్పుడు విని కూడా 'చ్' అనేది. నాలుకకి తాళం వేయలేం కదా. అందుకని మరదలు కత్తెర పట్టినప్పుడల్లా కూజాలోంచి ఇన్ని నీళ్లు నోట్లో పోసుకుని, మింగకుండా కూర్చోవడం అలవాటు చేసుకుంది. వచ్చినవాళ్లు "పంటినొప్పా అమ్మా?" అని పరామర్శిస్తే తలూపేది. తాతయ్యకిదో కాలక్షేపమై, కావాలని నవ్వించేవాడు. ఒకసారి ఆ నీళ్లన్నీ ఇస్త్రీ చేసిన చొక్కాల మీద పడ్డాయి. మరదలు మొదట్లో అలవాటుకొద్దీ వదిన మొహం చూసేది. బూరెల్లా ఉబ్బిన బుగ్గలు తప్ప అక్కడేమీ దొరికేది కాదు. ఇంక గతిలేక గుడ్డనే చూడటం మొదలుపెట్టింది. పని అప్పుడు పట్టుబడింది.

ఆపరేషన్ రోజు ఖాయమైన వారంలోనే ఊరి బ్యాండువాళ్లు వచ్చారు. అందరికీ ఎర్రకోట్లు కావాలి. గుడ్డ వాళ్లే తెచ్చారు, అందులో జానెడు కూడా అదనం లేదు. తప్పు కత్తిరిస్తే దిద్దుకునే దారి లేదు. ఊళ్లో పరువు కూడా దాంతోనే పోతుంది.

"ఏదో ఒకటి వాయిదా వేద్దాం వదినా" అంది మరదలు బిక్కమొహం వేసి.

"ఏదీ వెయ్యం. నువ్వు కత్తిరిస్తున్నావ్, నేను కోయించుకుంటున్నా" అంది కత్తెరమ్మ.

అనేసింది గానీ, చేతికట్టుతో ఇంటికొచ్చాక కాలు నిలిస్తే ఒట్టు. కొట్టు సంగతి ఎత్తొద్దని తమ్ముడికి తనే చెప్పి, అన్నం పెట్టినప్పుడల్లా వాడి మొహంలో ఏమైనా కనిపిస్తుందేమోనని వెతుక్కునేది. కొట్టువైపు మాత్రం వెళ్లలేదు.

బ్యాండు వాయించే రోజున మైదానంలో అందరికంటే ముందు నిలబడింది. ఒక్కొక్క కోటూ కళ్లతోనే తడిమింది. భుజాలు సరే, కాలర్లు సరే. చిట్టచివర పెద్ద డ్రమ్మువాడు వచ్చాడు. కోటు ముందు భాగం పొట్టిగా నడుం పైనే ఆగిపోయింది, వెనకేమో వదులుగా వేలాడుతోంది. 'చ్' నాలుక చివరిదాకా వచ్చింది.

ఇంతలో ఇద్దరు మనుషులు డ్రమ్ము ఎత్తి అతని భుజాలకి తగిలించారు. కోటు ముందు అంచు సరిగ్గా డ్రమ్ము పైన వచ్చి ఆగింది. బరువుకి అతను వెనక్కి వాలేసరికి వెనక వదులంతా సర్దుకుంది. చేతులు విసిరి వాయిస్తుంటే చంక దగ్గర ఒక్క ముడత పడలేదు. ఇదివరకు అతనికి తను కుట్టిన కోట్లన్నీ డ్రమ్ము కింద నలిగి ముద్దయ్యేవి. "డ్రమ్మున్నాక అంతేలే" అని సరిపెట్టేసేది.

వెనక్కి తిరిగితే మరదలు.

"ఇది నేను చెప్పలేదే నీకు!"

"లేదు వదినా. డ్రమ్ము తెచ్చుకోమన్నా. తగిలించుకుని వాయిస్తుంటే కొలిచా."

"మన కొట్లోనా?"

"తాతయ్య రెండు చెవులూ మూసుకున్నాడు."

కత్తెరమ్మకి కళ్లు చెమర్చాయి. "ఇన్నేళ్లూ ఖాళీ చేతులతో నిలబడ్డ మనిషినే కొలిచానే నేను. నాకీ ముక్క తట్టనే లేదు" అంది. పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా పిలిచి, ఆ కోటు కత్తిరించింది మా మరదలేనని చెప్పింది.

మర్నాడు కొట్టు తీయగానే డ్రమ్మువాడు తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కత్తెరమ్మ అలవాటుగా లేచి ఎడంచేత్తో టేపు అందుకుంది.

"మీరు కూర్చోండమ్మా. ఆవిడ కొలిస్తే బాగుంటుంది" అన్నాడతను మర్యాదగానే.

చివుక్కుమంది. లేదంటే అబద్ధం. కానీ ఆ వెంటనే, తన కోటుని ఊరంతా మెచ్చుకున్న రోజున కూడా కలగనంత గర్వం కలిగింది. టేపు మరదలి మెడలో వేసింది. కొలతలయ్యాక కత్తెర పిడి ఆమె వైపు తిప్పి బల్ల మీద పెట్టింది. వెళ్లి కూజాలోంచి ఇన్ని నీళ్లు నోట్లో పోసుకుని కూర్చుంది.

మరదలు గుడ్డ మీదికి వంగి కత్తెర కదిలించింది. తలెత్తకుండానే "ఇంకా నీళ్లెందుకు వదినా?" అంది.

"అది 'చ్' అనకుండా కాదే" అన్నాడు తాతయ్య. "నోరు ఖాళీగా ఉంటే ఈ పూటంతా నిన్ను పొగుడుతూనే ఉంటుంది, మనకి పని సాగదు."

కత్తెరమ్మకి నవ్వాగలేదు. నోట్లో నీళ్లన్నీ తాతయ్య మీదే పడ్డాయి. ఆయన లేచి గంతేశాడు, డ్రమ్మువాడు పగలబడి నవ్వాడు. కత్తెర మాత్రం ఆగలేదు.