సీసాల కోసం వచ్చేవాళ్ళు

డెబ్బైల్లో మా పల్లెలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు మా గడప ఎక్కేవారు. నేను వైద్యం తెలిసినదాన్నేం కాదు, మూడో తరగతితో బడి మానేసినదాన్ని. తిరువూరు ఆసుపత్రిలో కాంపౌండరు మందునీళ్ళు పోయాలంటే ఎవరి సీసా వాళ్ళే తీసుకెళ్ళాలి. లేకపోతే వెనక్కి పంపేసేవాడు. నేనేమో ఏ సీసానూ పారేసే మనిషిని కాను. ఆముదం సీసాలు, టానిక్కు సీసాలు బూడిదతో తోమి, బిరడాలు పెట్టి అటక మీద దాచేదాన్ని.

మా ఆయన పోయాక ఆ ఇంట్లో నాకు మనిషి మొహం చూపించింది ఆ సీసాలే.

"అత్తా, ఒక సీసా ఇయ్యవా? పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది."

"పోయినసారి బిరడా పోగొట్టావు. మళ్ళీ పోగొడితే గడప తొక్కనివ్వను."

"నీ సీసా ఏమన్నా బంగారమా ఏంటి!"

తిడుతూనే ఇచ్చేదాన్ని. తిరిగి ఇవ్వడానికి వచ్చి, అరుగు మీద కూర్చుని, పిల్లాడికి ఎలా ఉందో చెప్పేవాళ్ళు. ఆ రెండు మాటలతో నాకు సాయంత్రం గడిచేది.

ఒక ఏడాది వానలకు వాగు పొంగి, కాన్పు నొప్పుల మనిషిని తిరువూరు తీసుకెళ్తున్న బండి ఇవతలే ఆగిపోయింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. అప్పుడు ఆడవాళ్ళమంతా తిరువూరు వెళ్ళాం, మా ఊళ్ళోనే ఒక నర్సమ్మను ఉంచమని అడగడానికి.

"మిల్లు పనివాళ్ళకైతే జీతంలో కోసుకుని వైద్యం చూస్తారమ్మా. మీ తరఫున ఎవరు కడతారు?" అన్నాడు అక్కడి ఆఫీసరు.

నాట్లకు వెళ్ళే కూలి మనిషి ఒకామె కొంగు దోపుకుంది. "మా కూలిలోనూ కోసుకోండి సార్. నర్సమ్మ మాత్రం మా ఊళ్ళో ఉండాల."

ఆయన నవ్వాడు.

"తమాషాకి అడగడం లేదండీ. మా పంటలో కొలిచి ఇమ్మన్నా ఇస్తాం," అన్నాను నేను.

తిప్పుకున్నారు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. చివరికి నర్సమ్మ వచ్చింది. మా దగ్గర ఏమీ కోసుకోలేదు. మందునీళ్ళకు బదులు మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేది. ఇక సీసాతో ఎవరికీ పని లేకపోయింది.

మొదట్లో నాకు సంతోషమే. పసివాళ్ళను ఎత్తుకుని ఎండలో నడిచే బాధ తప్పింది కదా. ఆ తరవాత చూసుకుంటే, పొద్దున ఊడ్చిన నా వాకిలి సాయంత్రం దాకా ఊడ్చినట్టే ఉండేది. ఒక్క అడుగు జాడ లేదు. రమ్మని ఎవరినీ పిలిచే అలవాటు నాకు లేదు. పైగా నర్సమ్మను నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది మేమేనాయె. ఎవరిని ఏమనను?

ఒకరోజు నేనే వెళ్ళి నర్సమ్మ గది ముందు ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను.

"ఏంటి పెద్దమ్మా, ఏం బాధ?" అంది నర్సమ్మ, నా వంతు వచ్చాక.

"మోకాలు."

నొక్కి చూసింది. "వాపేం లేదే!"

"అత్తకి నొప్పేంటి, రాయిలాంటి మనిషి," అని నా పక్కనున్న కోడలి వరస పిల్ల నవ్వింది.

"నోరు ముయ్యవే. కాస్త జరుగు," అన్నాను.

నర్సమ్మ మాత్రలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. దాన్ని రొంటిన దోపుకుని, వంతు అయిపోయినా లేవకుండా, ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను, గదికి తాళం వేసేదాకా.