గట్టు మధ్యన గీసిన గీత

మొన్న కోత పండుగకు ముందు శనివారం నాడు మా ట్రాయ్ తెలుగు క్రైస్తవ సంఘంలోని ఆడవాళ్ళం కొందరం హాలు అలంకరించడానికి చేరాం. మాకు సొంత గుడి లేదు. ఇక్కడి అమెరికన్ సంఘం వాళ్ళు తమ ఆరాధన ముగిశాక మధ్యాహ్నం పూట మాకు హాలు ఇస్తారు. వరి కంకులు దొరకని ఈ మిషిగన్‌లో మొక్కజొన్న పొత్తులూ, గుమ్మడికాయలూ, మంచు పడకముందే ఎవరో పెరట్లో కోసి తెచ్చిన గోంగూర కట్టలూ, బియ్యం మూటలూ బల్ల నిండా పేర్చి, ఇదే మా పంట అని దేవుడికి చూపించుకుంటాం. ఆ పండుగనాడు అందరి ముందూ నిలబడి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడం ఎన్నో ఏళ్ళుగా నా వంతు. సాక్ష్యం ఏమిటో కూడా అందరికీ తెలుసు. ఐరోపాలో ఒక చిన్న దేశపు పేద రైతులకు సాయపడేందుకు ప్రభువు నన్ను వాడుకున్న సంగతి.

మా సంఘానికి కొత్తగా వస్తున్న అమ్మాయి ఒకతె ఇక్కడ మాస్టర్స్ చదువుతోంది. ఉపగ్రహాలు తీసిన ఫొటోలతో భూమి పటాలు తయారుచేయడం ఆమె చదువు. నేను మాట్లాడుతున్నప్పుడు వెనకాల తెర మీద ఆ ఊరి బొమ్మ వేస్తే బాగుంటుందని లాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుంది. నది వంపూ, గుడి గోపురమూ గుర్తులు చెబితే నిమిషంలో ఊరు పట్టేసింది. పాత ఫొటో ఒకటి, ఈ ఏటి ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టి మురిసిపోయింది.

"చూడండి ఆంటీ, అప్పుడు ఎంత మెస్సీగా ఉందో, ఇప్పుడు ఎంత నీట్‌గా ఉందో. మీ ప్రాజెక్ట్‌కి బిఫోర్, ఆఫ్టర్ అని స్లైడ్‌లో పెట్టేస్తా."

పాత ఫొటోలో ప్రతి రెండు చేల మధ్యా సన్నటి పచ్చగీత ఉంది. కొత్త ఫొటోలో ఒక్క గీతా లేదు, చేను చేనుకు ఆనుకుని గోధుమరంగు దుప్పటిలా పరుచుకుని ఉంది. చేతిలోని గుమ్మడికాయ బల్ల మీద పెట్టి, కారులో ఏదో మరిచిపోయానని చెప్పి బయటికి వెళ్ళి, కారు తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆ గీతలు చెరిపింది నేనే.

గట్టు అంటే ఏమిటో నా వయసు వాళ్ళకి చెప్పనక్కరలేదు. మా నాన్న కృష్ణా డెల్టాలో ఒక చిన్న పల్లె సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. సెంటు భూమి లేదు, ఒక గేదె ఉండేది. ఆ గేదె, దాని పాలతో మేమూ బతికింది గట్టు మీద గడ్డితోనే. అమ్మ కొడవలి చెక్కుకుని తెల్లవారుతూనే బయలుదేరి, చెప్పులు లేని కాళ్ళకు మంచు అంటించుకుని, తలమీద పచ్చటి మోపుతో తిరిగి వచ్చేది. చేను రైతుది, గట్టు మీద గడ్డి మాత్రం కోసుకునే ఆడవాళ్ళది. అలాగని ఎక్కడా రాసిలేదు, అయినా ఎవరూ కాదనలేదు. కోతలయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకునే పరిగె కూడా అంతే. ఏటా పంటలప్పుడు నాన్న గుడిలో, పొలం అంచులు పూర్తిగా కోయకుండా పేదలకూ విధవరాండ్రకూ విడిచిపెట్టమన్న ఆజ్ఞను చదివేవారు. అమ్మ ఆడవాళ్ళ వరసలో కూర్చుని, తన సంగతే ఎవరో చెబుతున్నట్టు తల ఊపేది. వాక్యంలో మా అమ్మ గురించి రాసి ఉందని చిన్నప్పుడు నేను నిజంగానే నమ్మాను. ఇప్పటికీ కొంత నమ్ముతాను. అందుకే ఈ రాత ఇంత బరువుగా ఉంది.

పెళ్ళయి ఇక్కడికి వచ్చాక మావారు కార్ల కంపెనీలో కుదురుకున్నారు. నేను కంప్యూటర్ చదువు చదివి, భూమి పటాల సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీలో చేరాను. ఐరోపా తూర్పు వైపు దేశాలు ఒక్కొక్కటే అక్కడి పెద్ద కూటమిలో చేరడానికి వరస కట్టిన రోజులవి. చేరాలంటే అన్నిటికన్నా కష్టం వ్యవసాయం దగ్గరే వచ్చేది. ఒక్క దాని నిబంధనలే మా ఆఫీసులో అలమార నిండా ఉండేవి. పాల క్యాన్లు ఎలా కడగాలి, ఆవు చెవికి ఏ బిళ్ళ వేయాలి, ఎవరి పొలం ఎంత, అన్నీ కొత్తగా కట్టుదిట్టం చేసుకోవాలి. రైతులకు కూటమి ఇచ్చే సాయం విస్తీర్ణాన్ని బట్టి వస్తుంది కనుక దేశంలోని ప్రతి చేనూ పటంలోకి ఎక్కాలి, ప్రతి ముక్కకూ ఒకే మనిషి పేరు ఉండాలి. ఒకే ముక్క తనదని ఇద్దరు రాస్తే ఇద్దరికీ సాయం ఆగిపోతుంది. ఆ పటం తయారుచేసే పని మా కంపెనీకి వచ్చింది. విమానం ఎక్కేముందు మోకరించి ప్రార్థన చేసుకుని మరీ వెళ్ళాను.

మేము ముందుగా తీసుకున్న ఊళ్ళో నాకు బస ఒక విధవరాలి ఇంట్లో. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. అక్కడివాళ్ళు పెద్ద వయసు ఆడవాళ్ళను పిలిచే పిలుపు మన పెద్దమ్మకు దగ్గరగా అనిపించి, నేను మన మాటతోనే పెద్దమ్మా అని పిలిచేదాన్ని, ఆమె పలికేది. ఇంటి వెనక కొట్టంలో ఒక ఆవు. పొద్దున్నే మట్టి కప్పులో వెచ్చటి పాలు పోసి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడేది. నాకు తర్జుమా చేసే అమ్మాయి ద్వారా మేం మాట్లాడుకునేవాళ్ళం. ఆమెకు కూరగాయల మడి తప్ప భూమి లేదు. ఆ ఊళ్ళో చేల మధ్య రెండడుగులు వేసేంత వెడల్పున గడ్డి వదిలేసేవారు, ఆ గడ్డి భూమి లేని ఆడవాళ్ళు కోసుకుని ఎండబెట్టి చలికాలం ఆవుకు వేసుకునేవారు. మా అమ్మ కూడా ఇలాగే గట్టు మీద గడ్డి కోసేదని చెబితే, అంత దూరంలో కూడానా అని మోకాలి మీద చరుచుకుని నవ్వింది. ఆవిడకు కొడవలి ఎవరు నూరి ఇచ్చేవాళ్ళని అడిగింది. తనే నూరుకునేదని చెప్పాను. నాకూ ఎవరూ లేరు, నేనే నూరుకుంటానంది.

ఆ పచ్చగీతల దగ్గరే మా పటానికి చిక్కు వచ్చింది. ఇటు చేనుదా, అటు చేనుదా తేలక కంప్యూటర్ వాటిని ఎర్రగా చూపించేది. ఊరూరా తిరిగి అడిగితే తేలేదే, కాని గడువు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం కూర్చుని నేనొక నియమం రాశాను. ఇంత వెడల్పుకు లోపున్న గడ్డి చారను నడిమికి రెండుగా చీల్చి, చెరి సగం పక్క చేలలో కలిపేయమని. ఎర్ర గుర్తులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆఫీసులో చప్పట్లు కొట్టారు, మా మేనేజరు కేక్ తెప్పించాడు. గడ్డి కోసుకునే మనిషి ఒకరుంటారని మా ఫారంలో గడి లేదు. ఆ గడి పెట్టాలని ఆ గదిలో ఎవరికైనా తోచాల్సి ఉంటే, అది గట్టు గడ్డి మేసిన గేదె పాలు తాగి పెరిగిన నాకే తోచాలి. తోచింది కూడా. కేక్ తింటూ ఆ ఆలోచనను పక్కకు నెట్టాను.

రెండు వారాల తర్వాత గుడి పక్క హాలులో పటాలు గోడకు తగిలించి ఊరందరినీ పిలిచారు. ఎవరి చేను వాళ్ళు వెతుక్కుంటూ ఒకటే నవ్వులు. నీ పొలం నువ్వు చెప్పుకునేంత లేదే, ఆకాశం నుంచి చూస్తే నీ నోరే పెద్దదిగా కనిపిస్తోందని ఒక రైతు తన బావమరిదిని ఆటపట్టించాడు. అభ్యంతరం ఉన్నవాళ్ళు రాసి ఇచ్చేందుకు ఒక బల్ల మీద కాగితాలు, కలాలు పెట్టాం. పెద్దమ్మ శుభ్రమైన రుమాలు తలకు కట్టుకుని వచ్చి, పటం ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత బల్ల మీది కాగితం ఒకటి తీసుకుని నా దగ్గరకు వచ్చి, నల్లగీత మీద వేలు పెట్టి అడిగింది.

"ఇందులో నా గడ్డి ఎక్కడుందమ్మా?"

ఆ కాగితం మీద ఆమె రెండు ముక్కలు రాస్తే, విచారణ అయ్యేదాకా ఊరి మొత్తానికి సాయం ఆగుతుంది. కూటమి తనిఖీదారులు మొదట చూడబోయేది ఈ ఊరినే. నా నియమం ఎందుకు తప్పిందో నేను లేచి చెప్పుకోవాలి. ఆ దేశం కూటమిలో చేరడం ఆమె కాగితంతో ఆగేది కాదు. ఆగేది నా మంచి పేరు.

"ఆ కాగితం అక్కర్లేదు పెద్దమ్మా. మీ గడ్డి ఎక్కడికీ పోదు. దేవుడున్నాడు" అన్నాను.

తర్జుమా చేసే అమ్మాయికి నా నియమం తెలుసు. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, తర్వాత చెప్పింది. పెద్దమ్మ నా మెడలోని సిలువను వేళ్ళతో అందుకుని ముద్దుపెట్టుకుంది. చేతిలోని కాగితాన్ని మళ్ళీ బల్ల మీదికి చేర్చి, దొంతర అంచులు సమంగా ఉండేలా సర్ది మరీ వెళ్ళింది.

ఏడాదిన్నర తర్వాత తనిఖీ పని మీద మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. చేల మధ్య గడ్డి లేదు. పెద్దమ్మ గడ్డి కోసుకునే గట్టు పక్క చేను రైతు దాపరికం లేకుండా చెప్పాడు. పటంలో పొలమని రాసి ఉన్నచోట గడ్డి కనిపిస్తే జరిమానా వేస్తారని దున్నేశాడట. మనసొప్పక మొదటి చలికాలం ఆమెకు రెండు బండ్ల ఎండుగడ్డి తోలాడట, తర్వాత తనకే చాలలేదట. అతను చెడ్డవాడు కాడు. సాయం డబ్బుతో ఇంటి కప్పు మార్చుకున్నాడు, ఊళ్ళో చాలామంది మార్చుకున్నారు. ఆ మేలు అబద్ధం కాదు.

పెద్దమ్మ కొట్టం తలుపు తీసే ఉంది, లోపల పాత కుర్చీలు పెట్టుకుంది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుని టీ పెట్టింది. కప్పు నా చేతికిస్తూ తల దించుకుంది.

"పాలు లేవమ్మా. ఏమీ అనుకోకు."

సిగ్గుపడాల్సింది నేను, సిగ్గుపడింది ఆమె. ఆ గీత ఎవరు గీశారో ఆమెకు తెలియదు. చెప్పడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సమయం ఉంది. నేను ఆ నల్ల టీ తాగి, బాగుందన్నాను. దారిలో తినమని రొట్టె గుడ్డలో చుట్టి ఇచ్చింది, అదీ పుచ్చుకున్నాను.

తిరిగి వచ్చాక సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాను. పేద ఉపదేశి కూతురిని ప్రభువు ఎంత దూరం పంపాడో చెప్పేదాన్ని. మారిన ఇంటి కప్పుల గురించీ, పెద్దమ్మ వెచ్చటి పాల గురించీ, ఆమె నా సిలువను ముద్దుపెట్టుకోవడం గురించీ చెప్పి, అక్కడ ఆపేసేదాన్ని. ఎక్కడ ఆపాలో నాకు బాగా తెలుసు. వెనక వరసల్లో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకునేవారు. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. అబద్ధానికి అంత మంచి బట్టలు తొడగడం వాక్యం తెలిసినవాళ్ళకే చేతనవుతుంది.

హాలు అలంకరించిన మర్నాడు, పండుగ ఆదివారం, ఆ మాస్టర్స్ అమ్మాయి స్లైడు తెర మీదికి వచ్చినప్పుడు, ఈసారి ఆపకుండా చివరిదాకా చెప్పాను. నియమం, కాగితం, నల్ల టీ, అన్నీ. నేను పెద్దమ్మతో అబద్ధం చెప్పానన్నప్పుడు వెనక నుంచి ఒక సహోదరుడు అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నాడు. ఆరాధన అయ్యాక బల్ల మీది పంటల వేలం మామూలుగానే జరిగింది, గోంగూర కట్ట కోసం ఇద్దరు అంకుల్స్ పంతానికి పోతే అందరూ నవ్వారు. భోజనాల దగ్గర ఒక సహోదరి నా చేతులు పట్టుకుని, ఎంత తగ్గింపు మనసు అక్కా మీది, ఇంత సాక్ష్యం ఎప్పుడూ వినలేదంది. చేసిన పాపం ఒప్పుకున్నా అది నా గొప్పల్లోకే చేరింది. ప్లేటు పట్టుకుని పక్కకు వచ్చేశాను.

ఆ మాస్టర్స్ అమ్మాయి ఒక్కతే మెచ్చుకోలేదు. ఫోన్ తీసి, ప్రార్థన మనవుల పట్టిక తెరిచి నా దగ్గరకు వచ్చింది.

"ఆవిడ ఇంకా ఉన్నారేమో కదా ఆంటీ. పేరు చెప్పండి, లిస్ట్‌లో రాస్తాను."

నోరు తెరిచాను. పెద్దమ్మ అన్న మాట తప్ప ఏదీ రాలేదు. ఆమె ఇంట్లో పడుకున్నాను, ఆమె చేతి పాలు తాగాను, ఇన్నేళ్ళు ఆమె కథ చెప్పి కన్నీళ్ళు పెట్టించాను. పేరు అడగలేదు. ఆమె పేరు నా కంటపడే చోటు ఒకటే ఒకటి ఉండేది, ఆ రోజు ఆమె చేతిలోని కాగితం. పైన మొదటి గడిలో తన పేరు రాసుకునేది. అక్కర్లేదన్నది నేనే.

ఇప్పుడు మా ఊళ్ళో కూడా యంత్రాలు చేను అంచుదాకా కోసేస్తున్నాయని, గట్ల మీద మందు కొట్టి గడ్డి మొలవనివ్వడం లేదని మా తమ్ముడు ఫోన్‌లో చెబుతుంటాడు. ఇక్కడ మా వీధిలో ప్రతి పచ్చిక అంచూ కత్తితో కోసినట్టు తిన్నగా ఉంటుంది, మాదీ అంతే. ఒకప్పుడు రెండు చేల మధ్య ఎవరిదో అడగని రెండడుగుల చోటు ఉండేది, లోకంలో చాలామంది ఆడవాళ్ళు ఆ చోట్లోనే బతికారు, వాళ్ళలో మా అమ్మ ఒకతె. ఆ అమ్మాయి తన పట్టికలో ఆ వరస ఖాళీగానే ఉంచింది. ప్రార్థనకు మోకరించినప్పుడల్లా, ఆ ఖాళీ దగ్గరకు వచ్చి నా నోరు ఆగిపోతుంది.