ఆ రాత్రి వార్డు నుంచి ఫోన్ చేసింది ఎవరు?

నా బిడ్డ మీద ఒట్టేసి నేను అబద్ధమాడను. ఇంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు. ఇది జరిగింది. నాటింగ్‌హామ్‌లో, మా ఫ్లాట్‌లో, మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో.

అప్పటికి పాప పుట్టి పన్నెండు రోజులు. ఏడో నెలలో ఉన్నట్టుండి నాకు జ్వరం, వణుకు, కడుపులో నొప్పి... గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఆ రాత్రే కాన్పయింది. పాప కిలో కంటే కాస్త ఎక్కువ, అంతే. నెలలు నిండని పిల్లల వార్డులో, గాజుపెట్టెలో పెట్టారు.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. "గర్భంలో వచ్చిన ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, మంట వల్ల పాప పేగులకు జబ్బు వచ్చే ప్రమాదం పెరగొచ్చు. తప్పకుండా వస్తుందని కాదు. పొట్ట ఉబ్బుతుందేమో చూస్తూనే ఉంటాం. మీ తప్పేమీ లేదు."

ఆ ఆఖరి మాట నాకు ఎక్కలేదు. నా ఒంట్లోని మంట నా బిడ్డకు అంటుకుంటుందన్న భయమే మిగిలింది.

పగలంతా పాప దగ్గర, రాత్రికి ఇంట్లో. ఆ రాత్రి పదకొండింటికి వార్డుకి ఫోన్ చేస్తే, నర్సు హెలెన్ "హాయిగా నిద్రపోతోంది" అంది. పడుకున్నాం.

ఫోన్ మోగింది.

నా ఫోనే. మా ఆయన కిరణ్ వైపు ఛార్జింగ్‌లో ఉంది. ఆయనే తీసి, చెవికి పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా నాకిచ్చారు.

మొదట ఏమీ లేదు... తర్వాత టిక్... టిక్... వార్డులో మానిటర్ల చప్పుడు. దాని వెనక గాలి యంత్రం బుస. ఆ చప్పుళ్లు నాకు కంఠతా వచ్చు.

తర్వాత... ఒక ఆడగొంతు. తెలుగు. మా తెనాలి యాస.

"అమ్మాయ్... పాప పొట్ట గట్టిపడిందే. పాలు ఆపమని చెప్పు."

కంగారేమీ లేదు ఆ గొంతులో. పక్కింటావిడ గోడ మీంచి 'బట్టలు తడుస్తున్నాయి' అన్నంత మామూలుగా ఉంది.

"ఎవరండీ?" అన్నాను.

టిక్... టిక్... కట్.

ఆ వార్డులో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. తిరిగి ఫోన్ చేయాలని కూడా తోచక ఆసుపత్రికి బయల్దేరాం.

కారు అద్దం మీద మంచు గడ్డకట్టింది. కిరణ్ బ్యాంకు కార్డుతో గీకుతున్నారు. ఆ గీకుడు చప్పుడు తప్ప వీధిలో ఇంకేమీ లేదు.

వార్డు నుంచి ఫోన్ వచ్చిందంటే హెలెన్ తెల్లబోయింది. "మేమెవరమూ ఫోన్ చేయలేదే! పన్నెండింటికి పాలిచ్చినప్పుడు బాగానే ఉంది. మళ్లీ రెండింటికే."

గడియారం చూశాను. రెండింటికి ఇంకా పది నిమిషాలుంది.

"ప్లీజ్... ఒక్కసారి పొట్ట చూడండి."

నా కోసమే అన్నట్టు గాజుపెట్టె తలుపు తీసింది. చిన్న దుప్పటి పక్కకి జరిపింది... వేలు ఆనించింది... తీసింది... మళ్లీ ఆనించింది. పొట్ట నున్నగా మెరుస్తోంది. ముక్కులోని పాలగొట్టం నుంచి సిరంజితో లాగింది.

ఆకుపచ్చటి పసరు వచ్చింది.

హెలెన్ ఇంక నా వైపు చూడలేదు. బెల్ నొక్కింది.

ఎక్స్‌రే తీశారు. పాలు ఆపేశారు. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. తెల్లవారాక డాక్టరమ్మ వచ్చి, "పేగుల జబ్బే. మొదట్లోనే దొరికింది. ఆ రెండింటి పాలు కూడా పడి ఉంటే..." అని ఆగిపోయింది. పది రోజులు సెలైన్ మీదే ఉంది నా తల్లి. ఆపరేషన్ దాకా పోలేదు. ఇప్పుడు పప్పన్నం పెడితే గిన్నె నాకేస్తుంది.

ఫోన్‌లో వెతికాను. ఆ రాత్రి పదకొండు తర్వాత ఏ కాల్ లేదు.

డాక్టరమ్మ మాటలే కలలోకి వచ్చాయనుకున్నాను. కానీ ఫోన్ నాకిచ్చింది కిరణ్ కదా? అడగాలంటే భయం. పాప మొదటి పుట్టినరోజు అయ్యాక, గిన్నెలు కడుగుతూ అడిగేశాను.

"ఏవండీ... ఆ రాత్రి ఆవిడ గొంతు మీరూ విన్నారుగా?"

ఆయన చేతిలో ప్లేటు ఆగిపోయింది. "ఆవిడేంటి? మగమనిషి కదా. ఎవరో పెద్దాయన. 'అమ్మాయికివ్వు బాబూ' అన్నాడు. అందుకే నీకిచ్చా."

కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి. మా ఇద్దరిలో ఎవరమూ కట్టేయలేదు.

వాళ్లెవరో నాకు తెలియదు. ఒకరో... ఇద్దరో... అదీ తెలియదు.