కార్వేటినగరంలో నేను పుట్టించిన పులి

జన్మలో ఒక్క పులినైనా చూడకుండా ఊరు ఊరంతా తలుపులు బిగించుకునేలా చేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, మా నాయన ముందు మాత్రం వద్దు.

అప్పుడు తిరుపతిలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌లో తెలుగు రాతలు చదివి లోకజ్ఞానం తనంతట తానే నేర్చుకునే ప్రోగ్రాం రాశాను. ఒకే మాట నాలుగు చోట్ల కనిపిస్తే చాలు, నిజమని నమ్మేస్తుంది. మా మేనత్తలాగే! అంతటితో ఆగానా? అది నేర్చుకున్న ప్రతి విషయమూ మా ఊరు కార్వేటినగరం వాట్సాప్ గ్రూపులో దానంతటదే పడేలా చేశాను. ఊరు నా తెలివికి నోరెళ్లబెట్టాలి మరి.

మొదట్లో "శ్రీహరికోట ఒక దీవి" లాంటివి పడ్డాయి. అందరూ మెచ్చుకున్నారు. ఒక ఉదయం పడింది: "కార్వేటినగరంలో పులి ఉంది."

వెంటనే నాయన ఫోన్. తోటలో మామిడి కోత, గట్టున లారీ.

"ఏమ్మే, యాడుండాది పులి? కూలీలు ఒక్కరూ తోట్లోకి దిగేది లేదంటాండారు!"

"నాలుగు చోట్ల చదివింది నాయనా. ఉండే ఉంటుంది."

"నేను ఈడే ఉండాను గదా, నాకు కనపల్లేదే!"

"నువ్వొక్కడివి నాయనా. అది ఇంటర్నెట్ మొత్తం చదువుతుంది."

లారీ డ్రైవర్ ఖాదర్ బాషా ఫోన్ లాక్కున్నాడు. "పాపా, కాయలు పండి రాలిపోతా ఉండాయి. నీ మిషన్నే ఒకసారి తోట్లోకి పంపు, సూసొస్తాది!"

ఇంతలో మా గ్రూపు మెసేజీ చూసి రెండు వార్తల సైట్లు "పులి కలకలం" అని రాశాయి. వాటిని నా ప్రోగ్రాం చదివి మురిసిపోయి, "పులి ఉన్నమాట మరింత ఖాయం" అని ప్రకటించింది. తల పట్టుకుని "పులి లేదు" అని నేనే ఊరి ఫేస్‌బుక్ పేజీలో రాశాను. దానికి "లేదు" అర్థమైతేగా! అదీ సాక్ష్యంలో కలిపేసుకుంది. మర్నాడు అటవీ శాఖవాళ్లు వచ్చి, కుక్క అడుగులు కొలుచుకుని వెళ్లారు.

చివరికి అది మొదట చదివినవేమిటో తవ్వి చూశాను. కబడ్డీ పోటీలో గెలిచి ఊరికొచ్చిన మునిరత్నం గురించి అభిమానుల రాతలు: "మన పులి కార్వేటినగరం వచ్చేసింది!"

సిగ్గుతో నాయనకు చెప్పాను.

"మునిరత్నమా పులి? కూలీలు రాలేదని జాలిపడి, నిన్నట్నించీ మన కాయలు కోస్తాండేది వాడే గదమ్మే!"

నేను ప్రోగ్రాం ఆపేలోగా మునిరత్నం అభిమానులు "మామిడి కోతలో మన పులి!" అంటూ ఆ ఫొటోలు నాలుగు చోట్ల పెట్టేశారు. గ్రూపులో చివరి జ్ఞానం రాలింది: "పులులు మామిడికాయలు కోస్తాయి."

ఆ రోజే ఏడుకొండల వైపు తిరిగి, చెంపలు వేసుకుని ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ యంత్రం ఏ లోకసత్యం కనిపెట్టినా, ముందు మా నాయనకు ఫోన్ చేసి అడిగాకే ఊరికి చెబుతాను.