కడుపు మంటకు అంబలి

మాది బచేలి. కంపెనీ క్వార్టర్సులో నాలుగు కుటుంబాల వాళ్లం ప్రతి ఆదివారం మధ్యాహ్నం కలిసి భోంచేస్తాం. వేపుళ్లు, మైదా ఉండకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. పోయిన వేసవిలో ఒక ఆదివారం నేను పొద్దున్నే లేచి, కూరగాయలన్నీ సన్నగా తరిగి ఓట్స్ ఉప్మా చేశాను. మా పక్క క్వార్టర్లోకి కొత్తగా వచ్చిన సమ్మక్క, ఎర్రబోరులోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొరకాయ బుర్ర నిండా రాగి అంబలి పోసుకొచ్చింది. అంతే!

అందరూ గ్లాసులు పట్టుకుని ఆమె చుట్టూ చేరారు. నా ఉప్మా వైపు చూసినవాళ్లు లేరు. ఇంట్లో నేను అంబలి పేరెత్తితేనే మొహం చిట్లించే మా వారు మూడో గ్లాసు అడిగి మరీ పోయించుకున్నారు. నేను ముట్టలేదు. "మీరు తాగరేం?" అని ఎవరో నన్నడిగితే, మా వారు నవ్వుతూ, "మా ఆవిడకి కడుపు మంట లెండి" అనేశారు. అందరూ గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సమ్మక్క ఒక్కతే నవ్వలేదు. తన కోసం ఉంచుకున్న చివరి గ్లాసు నా చేతిలో పెట్టి, "ఏందక్కా, కడుపు మండుతుంటే చెప్పొద్దా? ఇది తాగు, సల్లబడతది" అంది. నిజంగానే ఎసిడిటీ అనుకుంది పాపం! తలవంచుకుని గటగటా తాగేశాను. పాడు అంబలి, ఎంత బాగుందో!

ఇప్పటికీ ప్రతి ఆదివారం మొదటి గ్లాసు నాకే ఇచ్చి, "మంట తగ్గిందా అక్కా?" అని అడుగుతుంది. తగ్గిందనే చెప్తాను. మా వారు రెండో గ్లాసు అడిగే దాకా అది నిజమే.

— ఒక పాఠకురాలు, బచేలి